జ్వరం రాలేదు

జూన్ 5, గురువారం

పిల్ల తల్లి వచ్చింది. చెప్పిన వేళకే వచ్చింది. లాండ్రీలో పని దిగి నేరుగా వచ్చినట్టుంది, సబ్బునీళ్ళ వాసన ఆమె కంటే ముందు గదిలోకి వచ్చింది.

పిల్ల వెంటనే వెళ్ళలేదు. మా చెల్లెలి కాళ్ళ వెనక దాక్కుని ఒక కంటితో చూసింది. ఆ తల్లి తొందరపడలేదు. నేల మీద చతికిలబడి, సంచిలోంచి బట్టల క్లిప్పులు తీసి ఒకదానికొకటి తగిలించుకుంటూ పోయింది. రైలుబండి అయింది. పిల్ల ముందు ఒక అడుగు వేసింది, తర్వాత ఒక చెయ్యి చాచింది. కాసేపటికి ఒళ్ళో ఉంది.

“నన్ను మర్చిపోయిందేమో అనుకున్నా పెద్దమ్మగారూ.”

“మరవలేదు. బెట్టు చేస్తోంది,” అన్నాను.

“అయితే నా కూతురే. అనుమానం లేదు.”

నేను నవ్వాను. చెల్లెలు నవ్వలేదు. “రాత్రి డ్యూటీ పడితే దీన్నెవరు చూస్తారు?” అని అడిగింది.

“సంస్థవాళ్ళిచ్చిన ఇంట్లో అందరం తల్లులమేనండీ. నా పిల్లని ఆవిడ, ఆవిడ పిల్లని నేను. ఒకావిడుంది, పిల్లల్ని నిద్రపుచ్చుతానని కూర్చుని ముందు తనే గురక పెడుతుంది. పిల్లలు ఆ గురక వింటూ పడుకుంటారు.”

ఆ అమ్మాయి ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టినప్పుడు మొగుడు వదిలిపోయాడు, అద్దెగది పోయింది. పిల్లను ఎక్కడో వదిలెయ్యకుండా తనే ఎత్తుకుని, దిక్కులేని తల్లీపిల్లల్ని చూసే ఈ సంస్థ గుమ్మం ఎక్కింది. నయమయ్యేదాకా చూడండి, మళ్ళీ నాకిచ్చెయ్యండి అని అడిగిందట. వాళ్ళు వైద్యం చేయించారు, లాండ్రీలో పని చూపించారు. పిల్లను మా ఇంట్లో పెట్టారు. జబ్బు ఇంకొకరికి అంటుకునే దశ దాటిందని డాక్టరు చెప్పాడు. దగ్గు మాత్రం ఇంకా ఉంది. గురువారాలు ఇలాగే సవ్యంగా జరిగితే వర్షాలు ముదిరేలోపు పిల్ల తల్లి దగ్గరికి వెళ్ళిపోతుంది.

ఈ ఇంటికి వచ్చిన పిల్లలందరూ వెళ్ళినవాళ్ళే. కొందరు కన్నతల్లి దగ్గరికి, కొందరు దత్తతకు. అందరికీ నేను పెద్దమ్మను. పిల్లలచేత అమ్మ అని పిలిపించుకోకూడదని సంస్థ నియమం. మంచి నియమం.

దేవుడా, నా చెల్లెలికి ఓ బిడ్డనివ్వు. ఈ మాట రోజూ అడిగేదే. ఈ పూట కూడా అడిగాను.


జూన్ 8, ఆదివారం

మరిది ఇంట్లో ఉన్నాడు. లిఫ్టులు బాగుచేసే పని కాబట్టి ఆదివారం కూడా ఎవరో ఒకరు ఇరుక్కుంటారు. ఈ రోజు ఎవరూ ఇరుక్కోలేదు. పిల్లను భుజాల మీద ఎక్కించుకుని ఇల్లంతా తిప్పాడు. ఒకటో అంతస్తు, రెండో అంతస్తు అని అరుస్తూ వంగాడు, లేచాడు.

“వదినగారూ, ఈవిడ బరువు పెరిగింది. మూడో అంతస్తుకి మోటారు లాగట్లేదు.”

“నీ పొట్ట బరువేమో చూసుకో,” అంది చెల్లెలు. చాలా కాలానికి పగలబడి నవ్వింది.

పిల్ల చెల్లెల్ని అమ్మా అంది. పిన్నీ అనాలని నేను సర్దిచెప్పాను. చెల్లెలు, “నోరు తిరగడం లేదులే అక్కా,” అంది.

పెద్దమ్మ అనడానికి మాత్రం నోరు బాగానే తిరుగుతుంది.


జూన్ 12, గురువారం

పిల్ల తల్లి రాలేదు.


జూన్ 13, శుక్రవారం

నిన్న సాయంత్రం ప్రార్థన కొంచెం ఎక్కువసేపు సాగింది. నేను లేచేసరికి సంచీ అమ్మాయి ఫోను వచ్చి వెళ్ళిపోయింది. సంస్థలో మా వీధి చూసుకునే పిల్ల. భుజాన ఎప్పుడూ ఉబ్బిపోయిన సంచి ఉంటుంది కాబట్టి మాకు సంచీ అమ్మాయి. ప్రతి గురువారం పొద్దుగూకే వేళ ఫోను చేసి, “వచ్చిందా పెద్దమ్మా?” అంటుంది. “వచ్చింది” అనో “రాలేదు” అనో చెప్తాను. అంతే, పెట్టేస్తుంది. మిగతా ఇళ్ళ పిల్లల్ని తల్లులు సంస్థ ఆఫీసులో ఒకరి కళ్ళ ముందు చూడాలి. మా ఇంటికి మాత్రం తల్లిని నేరుగా పంపిస్తారు. నా ఒక్క మాట చాలునంటారు.

నిన్న ఆ మాట చెల్లెలు చెప్పింది. నన్నెవరూ అడగలేదు.


జూన్ 16, సోమవారం

సంచీ అమ్మాయి వచ్చింది. పిల్ల బరువు చూసింది, పళ్ళు చూసింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ అంది, “ఆ అమ్మాయి ఎందుకు రాలేదో తెలీదు పెద్దమ్మా. ఫోను కూడా లేదు ఆమెకి. వరసగా మూడు గురువారాలు రాకపోతే మీటింగు పెడతారు. తల్లి వదులుకుందనే అనుకుంటారు. ఇంక దత్తతకే.”

చెల్లెలు పక్కనే ఉంది. చెల్లెలూ మరిదీ పెట్టుకున్న దత్తత దరఖాస్తు సంస్థలో ఏళ్ళ తరబడి ఉంది. పిల్ల ఎవరింటికి దత్తత వెళ్తుందని చెల్లెలు అడగలేదు. అడగకుండా పిల్ల జుట్టు దువ్వుతూ కూర్చుంది. దువ్విందే దువ్వింది.


జూన్ 19, గురువారం

పిల్ల తల్లి రాలేదు.

రాలేదని రాసి చాలాసేపు చూశాను. కొట్టెయ్యను. ఉండనీ.

నేను ప్రార్థన చేసే గది గుమ్మాన్ని ఆనుకుని ఉంది. ఒకప్పుడు పాత సామాన్లు పెట్టుకున్న గది. కిటికీ మెట్ల మీదికే ఉంటుంది. మెట్ల మీద దగ్గు వినిపించింది. తలుపు తీసిన చప్పుడు వినిపించింది. చెల్లెలి గొంతు.

“జ్వరమమ్మా. పోయిన వారంది ఇంకా తగ్గలేదు. ఇప్పుడే నిద్రపోయింది. డాక్టరు ఎవర్నీ దగ్గరికి పోనివ్వద్దన్నాడు.”

“ఎంతుందండీ జ్వరం? మందేస్తున్నారా?”

“వేస్తున్నాం.”

“గుమ్మంలోంచే చూసి వెళ్తానండీ. మాట్లాడను కూడా.”

“లేస్తే ఊరుకోదు. నీకు తెలుసుగా. వెళ్ళు తల్లీ.”

“పెద్దమ్మగారున్నారా?”

“అక్క ప్రార్థనలో ఉంది. మధ్యలో లేవదు.”

నేను ప్రార్థన మధ్యలో లేవను. అమ్మానాన్నలు పోయి తమ్ముడూ చెల్లెలూ నా చేతిలో పడ్డప్పటి నుంచీ అదొక్కటే నాకు నేను పెట్టుకున్న నియమం. పాలు పొంగినా లేవలేదు. చిన్నప్పుడు తమ్ముడు మెట్ల మీద పడి నుదురు పగలగొట్టుకున్నా పూర్తి చేసే లేచాను. అందరికీ తెలుసు.

దగ్గు మెట్లు దిగి వెళ్ళింది. వెనక గదిలో పిల్ల గిన్నెలు వాయిస్తోంది. ఆ అమ్మాయికి వినపడలేదో, వేరే ఇంట్లోది అనుకుందో.

ప్రార్థన పూర్తి చేశాను. ఫోను చెల్లెలే ఎత్తింది.


జూన్ 20, శుక్రవారం

అంట్లు తోముతుంటే అడిగాను. “నిన్న గుమ్మంలో ఎవరు?”

“ఎవరూ లేరు.”

“విన్నాను.”

చెల్లెలు పళ్ళెం కడిగి బోర్లించింది. “ఏం విన్నావక్కా? నువ్వు ప్రార్థనలో ఉన్నావుగా. నీ దేవుడితో మాట్లాడుతున్నావా, మెట్ల మీద మాటలు వింటున్నావా?”

నేను చేతిలో గిన్నె తోముతున్నాను.

“పోయిన వారం కూడా విన్నావు. లేవలేదు. నిన్న కూడా విన్నావు. లేవలేదు. లేవదల్చుకుంటే లేచేదానివి.” తడి చేతులు తుడుచుకోకుండానే నిలబడింది. “నువ్వు నాకోసం రోజూ ఏం అడుగుతున్నావో నాకు తెలీదా? పైకే అంటావుగా. నా చిన్నప్పటి నుంచీ నీ గొణుగుడు వింటూనే పడుకున్నాను. అడిగావు. వచ్చింది. ఇంట్లో గిన్నెలు వాయిస్తోంది. ఇప్పుడు వెనక్కి పంపుదామంటావా?”

“అడిగింది ఇలా కాదు.”

“ఎలా వస్తే తీసుకుంటావో అది కూడా చెప్పి అడగాల్సింది.”

మిగిలిన పళ్ళేలు నేను కడిగాను.


జూన్ 22, ఆదివారం

ఆలోచించాను. పిల్లకు ఇక్కడ ఏ లోటూ లేదు. తల్లికి దగ్గు తగ్గలేదు. ఆ ఇంట్లో ఎంతమంది తల్లులో, ఎంతమంది పిల్లలో. ఒకరి జలుబు ఇంకొకరికి అంటుతూనే ఉంటుంది. చెల్లెలు పిల్లను కళ్ళలో పెట్టుకుని చూస్తోంది. మరిది పిల్ల కోసం పెందలాడే ఇంటికొస్తున్నాడు. పిల్లకు ఏది మంచిదో అదే జరగాలి.

పిల్లకు ఏది మంచిదో అదే జరగాలని ప్రార్థించాను. చెల్లెలి సంగతి ఎత్తలేదు.


జూన్ 24, మంగళవారం

దారిలోనే కదా అని లాండ్రీ దగ్గర ఆగాను. దారిలో లేదు.

ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ళ దుప్పట్లూ ఉతికే పెద్ద షెడ్డు. లోపల ఆవిరి. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి తడి దుప్పటి కొసలు పట్టుకుని లాగుతున్నారు. నన్ను చూడగానే తన వైపు కొస వదిలేసి పరిగెత్తుకొచ్చింది. అవతలామె దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయి, “ఏయ్, నేనేం బట్టల తీగననుకున్నావా?” అని కేకేసింది.

ఈ అమ్మాయి ఆ కేక వినలేదు. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. ఆమె చేతులు ఉడికినట్టున్నాయి.

“పిల్లకెలా ఉంది పెద్దమ్మగారూ? తగ్గిందా?”

“తగ్గింది,” అన్నాను.

ఒక్క మాటే. నాకు తడబాటు కూడా రాలేదు.

కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. ఆ వెంటనే దగ్గొచ్చింది, మొహం పక్కకు తిప్పుకుని దగ్గింది. “నావల్లే అయ్యుంటుంది. ఆ గురువారం ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను కదా, మొహం మీద మొహం పెట్టి ఆడించాను. డాక్టరు అంటదన్నాడు గానీ వాళ్ళకేం తెలుసు? దీన్నెలా నమ్మేది?” అని తన రొమ్ము మీద తట్టుకుంది. “ఈ గురువారం రానండి. దగ్గు పూర్తిగా పోయాకే వస్తా. మీరున్నారుగా దాని పక్కన. నాకు భయం లేదు.”

ఈ గురువారం కూడా రాకపోతే మూడోది. ఆమెకు ఆ లెక్క తెలియదు. నాకు తెలుసు.

“నీ ఇష్టం,” అన్నాను.


జూన్ 26, గురువారం

పిల్ల తల్లి రాలేదు.

ఈసారి నిజంగా రాలేదు. ప్రార్థనకు కూర్చోకుండా గుమ్మంలోనే ఉన్నాను. మెట్ల మీద ఎవరూ లేరు. ఫోను మోగింది. “రాలేదండీ,” అంది చెల్లెలు. అబద్ధం కాదు.


జూన్ 28, శనివారం

మరిది చిన్న మంచం తెచ్చాడు. ముక్కలు ముక్కలుగా ఉంది, ముక్కలన్నీ హాల్లో పరిచి బిగిస్తున్నాడు. పిల్ల ఒక మరమేకు ఎత్తుకొచ్చి నాకిచ్చింది.

“వదినగారూ, దొంగసొత్తు మీ దగ్గరుంది,” అన్నాడు. మరను తీసుకుని గొంతు తగ్గించాడు. “ఆ అమ్మాయి రాకపోవడం బాధే. లోపల్లోపల సంతోషంగా ఉందంటే పాపమేమో అనిపిస్తోంది. పాపమా?”

అతనికి ఏమీ తెలియదు. చెల్లెలు చెప్పలేదు. చెప్పాల్సిన మాట నాకూ ఉంది.

“గట్టిగా బిగించు. ఊగుతోంది,” అన్నాను.


జూలై 1, మంగళవారం

ప్రార్థనకు కూర్చున్నాను. లేచాను.


జూలై 2, బుధవారం

కూర్చున్నాను. లేచాను.


జూలై 3, గురువారం

సంచీ అమ్మాయి వచ్చింది. సంచి దించకుండానే కూర్చుంది.

“సోమవారం మీటింగు పెద్దమ్మా. మీరు రావాలి. ఆ అమ్మాయి కూడా వస్తుంది. తల్లుల ఇంటి వార్డెను అడిగితే ఏమందో తెలుసా? వెళ్ళానంది, పిల్లకు జ్వరమని గుమ్మంలోంచే పంపించేశారంది. వార్డెనుకి కోపమొచ్చింది. ఇట్లా సాకులు చెప్పే తల్లుల్ని చాలామందిని చూసింది కదా ఆవిడ.” సంచి తాడు వేలికి చుట్టుకుంది. “నేనయితే నమ్మలేదనుకోండి. మీ ఇంట్లో పిల్లకు జ్వరమొస్తే మొదటి ఫోను నాకే వస్తుంది. వచ్చిందా జ్వరం?”

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

“సోమవారం చెప్తాను,” అన్నాను.

“ఒక్క మాటేగా.”

“ఒక్క మాటే. అక్కడే చెప్తాను.”

సంచీ అమ్మాయి నా వైపు వింతగా చూసింది. ఇంత పెద్ద వాక్యం నా నోట వినడం అలవాటు లేదేమో.


జూలై 5, శనివారం

పిల్ల పడుకుంది. మరిది పనికెళ్ళాడు. చెల్లెలు వచ్చి నా మంచం అంచున కూర్చుంది. ఈసారి దెప్పలేదు.

“అక్కా, నీచేత అబద్ధం చెప్పించను. నీ సంగతి నాకు తెలుసు. నిజమే చెప్పు.”

“ఏ నిజం?”

“జ్వరం రాలేదను. అంతే. రాలేదుగా? రాలేదు. అది చెప్పి ఊరుకో. నువ్వు ఎప్పుడూ చెప్పేంతే చెప్పు.”

పిల్లకు జ్వరం రాలేదు. అది నిజం. నేనా నిజం చెప్తే ఆ అమ్మాయి సాకులు చెప్పే తల్లి అవుతుంది. పిల్ల ఇంక ఆమెది కాదు.

“ఆమె పిల్ల,” అన్నాను.

“ఆమెకింకా వయసుంది. జబ్బు తగ్గింది, పని దొరికింది, రేపు ఇంకో పెళ్ళి చేసుకుంటుంది, ఇంకో పిల్లను కంటుంది. నాకెవరున్నారు?” చెల్లెలు నా దుప్పటి మడత విప్పుతూ, మళ్ళీ మడుస్తూ మాట్లాడింది. “మూడుసార్లు ఆసుపత్రి నుంచి ఖాళీ చేతుల్తో వచ్చినప్పుడు నువ్వేగా ఆటోలో నా పక్కన కూర్చున్నావు? ఏమన్నావు? ఓర్చుకో, దేవుడిస్తాడన్నావు. ఓర్చుకున్నాను. ఇంకెంత ఓర్చుకోవాలో చెప్పు, అంతా ఓర్చుకుంటాను. పిల్ల వెళ్ళిపోతే మాత్రం నేనీ ఇంట్లో ఉండను. ఎక్కడికెళ్తానో కూడా తెలీదు.”

చిన్నప్పుడు బడి నుంచి వచ్చి ఇలాగే నా ఒడిలో తల పెట్టేది. ఈ రోజు పెట్టలేదు.

తక్కువ మాట్లాడుతుంది, ఎంత మంచిదో అని చుట్టాలందరూ నన్ను మెచ్చుకునేవారు. ఆ మెప్పు నాకు ఇష్టంగానే ఉండేది.

ఏ గదిలోకి వెళ్ళినా వీళ్ళిద్దరిలో ఒకరున్నారు. పిల్ల, లేకపోతే చెల్లెలు. గుమ్మం దాటితే సంచీ అమ్మాయి వచ్చే వీధి. ప్రార్థన గదిలో మెట్ల మీదికి కిటికీ ఉంది.


జూలై 7, సోమవారం

సంస్థ ఆఫీసులో మేడ మీద గది. ప్లాస్టిక్ కుర్చీలు గోడ చుట్టూ వేశారు, మధ్యలో ఏమీ లేదు. చెల్లెలు నా పక్కన కూర్చుంది. మరిది రానన్నాడు. ఇంట్లో పిల్లను చూస్తానన్నాడు. ఎదురుగా తల్లుల ఇంటి వార్డెను, పక్కన ఆ అమ్మాయి. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టల్లో వచ్చింది. దగ్గు వచ్చినప్పుడల్లా గది బయటికి వెళ్ళి దగ్గి వస్తోంది.

మీటింగు నడిపేది ఒకప్పుడు బడిలో హెడ్డమ్మగా చేసినావిడ. అందరూ ఇప్పటికీ హెడ్డమ్మగారనే అంటారు. ఆ అమ్మాయిని అడిగింది.

“ఎందుకు వెళ్ళలేదమ్మా?”

“వెళ్ళానండి రెండుసార్లు. పిల్లకు జ్వరమన్నారు. మూడోసారి నేనే వెళ్ళలేదు. నా దగ్గు పడదని.”

వార్డెను పెదవి విరిచింది. హెడ్డమ్మ నా వైపు తిరిగింది. ఆవిడకు నేనంటే గౌరవం. “పెద్దమ్మగారూ, మీరు చెప్పండి. మీ మాట మీదే వదిలేద్దాం. పిల్లకు జ్వరం వచ్చిందా?”

చెల్లెలి మోకాలు నా మోకాలికి తగులుతోంది. 

“రాలేదు,” అన్నాను.

ఆ మాట దగ్గరే ఆగిపోయాను. అక్కడిదాకా నిజం. ఆపైన ఏం అనాలనుకుని ఇంటి దగ్గర బయలుదేరానో గుర్తు లేదు. ఏమీ అనుకోకుండానే బయలుదేరానేమో. హెడ్డమ్మ తలాడించింది. వార్డెను నేను చెప్పలేదా అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలింది.

ఆ అమ్మాయి నన్నే చూస్తోంది. తిడుతుందనుకున్నాను. కాళ్ళ మీద పడుతుందనుకున్నాను.

“రాలేదా?” అంది. “అసలు రానే లేదా జ్వరం? అమ్మయ్య.”

అని గుండె మీద చెయ్యి వేసుకుంది. మొహం విప్పారింది. “నావల్ల వచ్చిందేమోనని తిండి దిగలేదు నాకు ఇన్నాళ్ళూ. అయితే బాగానే ఉందన్నమాట నా పిల్ల.”

ఆ మాటతో తనకేం జరుగుతోందో ఆమెకు తట్టనే లేదు. ఆ గదిలో ఆ మాటకు సంతోషపడ్డ మనిషి ఆమె ఒక్కతే.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు, అక్కడ అందరూ కూర్చునే మాట్లాడతారు.

“జ్వరం రాలేదు,” అన్నాను. “వచ్చిందని మేం చెప్పాం. ఈ అమ్మాయి రెండుసార్లూ వచ్చింది. వేళకే వచ్చింది. గుమ్మంలోంచి పంపించేశాం. లాండ్రీకి వెళ్ళినప్పుడు తగ్గిందని చెప్పాను. మూడోసారి రానంటే రమ్మనలేదు.”

“ఎవరు పంపించారు?” అంది హెడ్డమ్మ.

“గుమ్మంలో చెల్లెలు. గోడవతల నేను. ఇద్దరం.”

మీటింగు మాటలు రాసుకుంటున్న సంచీ అమ్మాయి పెన్ను ఆగిపోయింది. చెల్లెలు లేచి వెళ్ళలేదు. నా మోకాలి దగ్గరి నుంచి తన మోకాలు జరుపుకుంది, అంతే.

ఆ అమ్మాయి మొహంలో సంతోషం కొంచెం కొంచెంగా పోయింది. అంతా పోయాక నా వైపు చూడటం మానేసింది.


జూలై 8, మంగళవారం

పిల్ల తల్లి దగ్గరికే. ఎల్లుండే. తల్లుల ఇంట్లో వార్డెను కనిపెట్టి ఉంటుంది, సంచీ అమ్మాయి వారం వారం వెళ్ళి చూస్తుంది. లాండ్రీవాళ్ళతో మాట్లాడి ఆమెకు రాత్రి డ్యూటీ తప్పిస్తారు. మా ఇంటికి ఇక పిల్లల్ని పంపరు. చెల్లెలు వాళ్ళ దరఖాస్తు పక్కన పెట్టారు. మళ్ళీ ఎప్పుడు చూస్తారో, చూస్తారో లేదో చెప్పలేమన్నారు.

మరిది మంచం మరలు విప్పుతూ అడిగాడు. “నాకెందుకు చెప్పలేదు వదినగారూ? మీ చెల్లెలి సంగతి సరే, దానికి కళ్ళు మూసుకుపోయాయి. మీరు?”

 అతను మరలన్నీ ఒక డబ్బాలో వేసి మూత పెట్టాడు.


జూలై 10, గురువారం

ఆ అమ్మాయి, సంచీ అమ్మాయి కలిసి వచ్చారు. లోపలికి రమ్మన్నాను. ఆ అమ్మాయి మెట్ల మీదే నిలబడింది.

చెల్లెలు పిల్లను ఎత్తుకుని వచ్చింది. ఇవ్వలేదు. ఆ అమ్మాయికి ఎదురుగా నిలబడి, పరీక్షలో అప్పచెప్పేదానిలా మొదలుపెట్టింది.

“కుడి పక్కకి తిప్పి పడుకోబెట్టు. ఎడమకి పడుకుంటే లేస్తుంది.”

“కుడి పక్క,” అంది ఆ అమ్మాయి.

“వెన్ను తట్టకు. కోపమొస్తుంది. చెవి వెనక వేలితో రాయి. మెల్లగా.”

“చెవి వెనక.”

“పాలు గోరువెచ్చగా కాదు, ఇంకొంచెం వేడి ఉండాలి. చల్లారితే ఉమ్మేస్తుంది. మందు వెయ్యాల్సొస్తే చెంచాతో వద్దు, మూతతో పోస్తే ఆట అనుకుని తాగుతుంది. లిఫ్టు ఆట ఆడమంటుంది. ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తాలి. మూడో అంతస్తు దగ్గర ఆగాలి. ఆగకపోతే ఏడుస్తుంది.”

“మూడో అంతస్తు,” అంది ఆ అమ్మాయి. 

“పై పన్ను వస్తోంది. వచ్చేటప్పుడు వేలు కొరుకుతుంది. కొరకనీ. గట్టిగా కొరికినా తియ్యకు.”

“తియ్యను.”

ఇంకా ఏదో చెప్పబోయి మానేసింది. పిల్లను ఇచ్చింది. పిల్ల ఇద్దరి మధ్యా ఒక్క క్షణం రెండు మెడలూ పట్టుకుంది.

వాళ్ళు సందు తిరిగాక చెల్లెలు తన వేలు చూసుకుంటూ లోపలికి వెళ్ళింది. వేలి మీద పంటి గాట్లు ఉన్నాయి.


జూలై 14, సోమవారం

చెల్లెలు ఇల్లు విడిచి వెళ్ళలేదు. అన్నం వడ్డిస్తుంది, బట్టలు ఆరేస్తుంది. మాట్లాడాల్సినవి మాట్లాడుతుంది. అక్కా అనడం లేదు.


జూలై 21, సోమవారం

ఇల్లు చాలా పెద్దదయింది.


ఆగస్టు 7, గురువారం

సంచీ అమ్మాయి వచ్చింది. పనేమీ లేదు, మా ఇంట్లో చూడాల్సిన పిల్లలు లేరు. అటూ ఇటూ చూసి, చెల్లెలు మేడ మీద ఉందని తెలిశాక చెప్పింది.

“లాండ్రీలో పెద్ద హోటలు పని వచ్చింది పెద్దమ్మా. గురువారాలు ఆ అమ్మాయిని పొద్దుపోయేదాకా ఉండమంటున్నారు. ఆ ఇంట్లో మిగతా తల్లులకి కూడా అదే డ్యూటీ. పిల్లకు ఇంకెవరి దగ్గరా నిద్ర పట్టడం లేదు. అందుకని...” ఆగింది. “మీ చెల్లెలిని వచ్చి కూర్చోమని అడగమంది. మేం వద్దని చెప్పాం. నా పిల్ల, నా ఇష్టం అంది. వార్డెను పక్కనే ఉంటుంది కాబట్టి హెడ్డమ్మగారు సరేనన్నారు.”

“నన్ను అడిగిందా?”

ఆ పిల్ల సంచి లోపల ఏదో వెతికింది. ఏమీ వెతకడం లేదని తెలుస్తూనే ఉంది.

“చెప్పు,” అన్నాను.

“మీరైతే పెద్దవారు, అలవాటున్నవారు కదా అని నేనే అన్నాను. వద్దంది. ‘చిన్నామె అబద్ధం చెప్పినప్పుడు తలుపు పట్టుకున్న చెయ్యి వణికింది. నా పిల్ల కోసం అంత ఆశపడింది. అలా ఆశపడ్డ మనిషి దాన్ని కింద పడెయ్యదు. పెద్దామె నా చెయ్యి తన చేతిలో ఉండగానే తగ్గిందని చెప్పింది. ఏమీ వణకలేదు,’ అంది.” తలెత్తింది. “నేను చెప్పకూడదేమో పెద్దమ్మా.”

“చెప్పడమే మంచిది,” అన్నాను.

మేడ మెట్ల మీద అలికిడి అయింది. చెల్లెలు ఎంతసేపటి నుంచి వింటోందో.  లోపలికి వెళ్ళి మొహం కడుక్కుంది, తల దువ్వుకుంది. మరిదికి ఫోను చేసి, స్కూటరు తీసుకుని రా, ఎందుకో తర్వాత చెప్తాను, ముందు రా అంది. ఆ గొంతులో తొందర విని చాలా రోజులైంది.

గుమ్మం దాటుతూ ఆగింది. నా వైపు తిరగలేదు.

“కూర మూత పెట్టాను. తలుపు వేసుకో.”

ప్రార్థన వేళ అయింది. కూర్చోలేదు. స్కూటరు సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాను. తర్వాత తలుపు వేసుకున్నాను.